దాలయ్య కాలు ఎందుకు ఆగింది?

దిబ్బలపేట చేతిలో మన రేవుపేట టీము లీగు మ్యాచ్‌లో ఓడిపోయిందని, ఆ మ్యాచ్ వీడియో ఫోన్లో చూస్తూ చూస్తూ బాబీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడని చెప్పి పోయిన వారం ఆపేశాను. వాడేం చూశాడో చెప్పకుండా ఆపినందుకు వారమంతా మీరు నాకు పెట్టాల్సిన శాపనార్థాలన్నీ పెట్టారు. సరే, కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళ్ళిపోతాను.

కళింగపట్నానికి ఇవతల, సముద్రం ఒడ్డున రేవుపేట. వేట ఊరు. వేటకి వెళ్ళని పూట ఊరికి ఇంకో పని ఫుట్‌బాల్. గోల్స్ వేసేది కెప్టెన్ పృథ్వీరాజ్. ఊరి మొదట్లో ఫ్లెక్సీ మీద వాడి ఫొటో నిలువెత్తు ఉంటుంది. దాలయ్య ఫొటో ఎక్కడా ఉండదు. దాలయ్య స్టాపర్. అవతలివాడు బంతి పట్టుకుని దూసుకొస్తుంటే కాలు అడ్డంపెట్టి లాక్కోవడం, పక్కనున్న మనవాడికి ఇచ్చేయడం, మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడడం, అంతే వాడి పని. కార్తీకమాసం మొదలైన దగ్గర్నుంచి ఆ పని కూడా వాడి వల్ల కావడం లేదు. ఎదురుగా మనిషి వస్తే కాలు సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. ఎందుకో ఎవరికీ తెలీదు. ఆదివారం ఫైనల్. మళ్ళీ దిబ్బలపేటతోనే.

శుక్రవారం పొద్దు వాలుతుండగా వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద ఊరు సగం చేరిపోయింది. కొందరి ఒళ్ళో వలలున్నాయి, చేతిలో వల అల్లే సూది ఆడుతోంది, నోరు దాని మానాన అది ఆడుతోంది. దాలయ్యని ఫైనల్లో దింపాలా, బెంచీ మీద కూర్చోబెట్టాలా అన్నది మాట. టీముని నడిపే నరసింగరావు, అదే ఐసు డిపో నరసింగరావు, స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. పృథ్వీరాజ్ తన బుల్లెట్ బండి రోడ్డు మీద ఆపొచ్చి, ఒడ్డుకి లాగిన పడవకి ఆనుకుని నీళ్ళ సీసా తిప్పుకుంటున్నాడు. దాలయ్య ఇంకా రాలేదు.

"ఆడు గోలేస్తాడేటి? ఎయ్యడు. పాసిస్తాడేటి? పక్కోడికిస్తాడు, అది మా పాప కూడా ఇస్తాది," అన్నాడు బాబీ. వాడికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఊరి టీము గ్రూపుకి అడ్మిను కూడా వాడే. "ఇంతకు ముందు అడ్డుకుంటాడు కదా అని ఊరుకున్నాం. ఇప్పుడదీ లేదు. మరెందుకు ఆడు?"

"ఒరే బాబీ," అంది అమ్మడు. ఎండు చేపలు అమ్ముకునే మనిషి. మ్యాచ్ ఉంటే గంప దింపేసి లైను పక్కనే నిలబడుతుంది. రెఫరీలు ఆమెని చూసి జాగ్రత్తగా ఈల వేస్తారు. "పడవలో అందరికన్నా బద్ధకం ఎవులికిరా? లంగరుకి. మీరందరూ సచ్చేలాగ వల లాగుతుంటే అది నీటడుగున ఊరికే పడుంటాది. దాన్ని కోసీసి ఎల్లు సూద్దాం."

"లంగరు తుప్పట్టిపోతే ఏటి సేస్తాం పిన్నీ? కొత్తది కట్టుకోమా?"

"తుప్పో కాదో గీకి సూడాల. సూడకండా పారేస్తారేటి?"

నవ్వులు లేచాయి. ఒక ముసలాయన నవ్వకుండా, దాలయ్య లేని రోజు పలాస వాళ్ళతో ఆడిన ఆట ఎవరికైనా గుర్తుందా అన్నాడు. గుర్తుంది. ఆ రోజు మన గోలు కీపరు ఏడ్చాడు. అయినా గుర్తు లేనట్టే అందరూ వలల్లోకి చూశారు. దాలయ్యకి పాతికేళ్ళు దాటాయి, మోకాలు పోయి ఉంటుందని ఒకడు. పెళ్ళాం కడుపుతో ఉంది, మనసు ఇంటి దగ్గరే ఉంటుందని ఇంకొకడు. ఫామ్ అన్నది వస్తుంది, పోతుంది, పృథ్వీకి కూడా పోయిన ఏడు పోలేదా అని మూడోవాడు.

"నన్నెందుకు లాగుతారు బాబూ మద్దిలో," అన్నాడు పృథ్వీరాజ్ మెత్తగా. "దాలిగాడు నా సిన్నప్పటి సావాసగాడు. ఆడి గురించి ఇలగ పదిమందిలో మాటాడొద్దు. ఒక్క మేచ్‌కి రెస్టిద్దాం. అంతే."

ఎంత మంచి పిల్లాడో అనుకున్నారు చాలామంది.

అప్పుడు తీశాడు బాబీ ఫోను.

"మోకాలూ కాదు, మనసూ కాదు. ఇది సూడండి. నానైతే వారం నుంచి సూస్తన్నాను."

తలలన్నీ ఆ ఫోను మీదికి వంగాయి. దిబ్బలపేట ఫార్వర్డ్, పదకొండో నంబరువాడు గోపి, నల్ల జెర్సీ, బంతితో వస్తున్నాడు. దాలయ్య ఎదురెళ్ళాడు. కాలు చాచాడు. ఆగాడు. అక్కడితో అయిపోలేదు. వంగాడు. గోపిని చేత్తో తాకాడు. ఆ చేతిని తన కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. గోపి పక్క నుంచి వెళ్ళిపోయి గోలు కొట్టేశాడు.

"మల్లీ ఎయ్," అన్నారెవరో.

మళ్ళీ వేశాడు. నెమ్మదిగా వేశాడు. వంగడం, తాకడం, చెయ్యి కళ్ళ దగ్గరికి.

"సైగ కాదేటిది?" బాబీ గొంతు తగ్గించాడు. "'నాను సూసుకుంటాను, నువ్వెల్లు' అన్నట్టు లేదా? ఇంకోటి సెప్పమంటారా? మంగళారం సాయంత్రం దాలయ్య బండి దిబ్బలపేటలో ఉన్నాది. ఈ గోపిగాడి ఇంటి ముందు. మా బామ్మర్ది సూసేడు."

వల సూదులు ఆగిపోయాయి.

ఇప్పుడిది ఫామ్ సంగతి కాదు. ఆటలో అమ్ముడుపోయాడన్న పేరు పడితే రేవుపేటలో ఆ మనిషిని పడవ ఎక్కించుకునేవాళ్ళుండరు. నడిసముద్రంలో తాడు పట్టుకోవాల్సినవాడి మీద అనుమానంతో ఎవడు వేటకి వెళ్తాడు? దాలయ్యకి సొంత పడవ లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

"నోరు ముయ్యరా," అంది అమ్మడు. కానీ ఆ మాటలో ఇందాకటి బలం లేదు. ఆమె కూడా రెండుసార్లు చూసింది కదా.

సరిగ్గా అప్పుడే దాలయ్య వచ్చాడు. వెనకాల భార్య శ్రావణి. అయిదో నెల, కొంచెం నిదానంగా నడుస్తోంది. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఇద్దరూ షెడ్డు గుంజ దగ్గర నిలబడిపోయారు.

"ఏటి మావా, అందరూ అలగున్నారు?" అన్నాడు దాలయ్య నరసింగరావుతో.

నరసింగరావు తల ఎత్తలేదు. బాబీయే ఫోను తిప్పి మొహం ముందు పెట్టాడు. "ఇదేటో నువ్వే సెప్పు. మంగళారం గోపి ఇంటికెందుకెల్లేవో అదీ సెప్పు."

దాలయ్య వీడియో చూశాడు. మొహం పాలిపోయింది. దొరికిపోయినవాడి మొహం లాగే ఉంది, అలా అనిపించిందని వాళ్ళని తప్పుపట్టలేం. ఒకసారి శ్రావణి వైపు చూశాడు. ఇంకోసారి నరసింగరావు వైపు చూశాడు.

"సెప్పవేటి?" అని గదిమాడు బాబీ. "దిబ్బలపేటోలు ఏటి పెట్టేరు నీకు?"

"ఏటీ పెట్టలేదు."

"మరి ఆ సైగేటి?"

"సైగ కాదు."

"మరేటి?"

"కాలు తగిలిందిరా," అన్నాడు దాలయ్య. "తగిలితే కల్లకద్దుకున్నాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. కాలు ఎవరికైనా తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం ఆ షెడ్డు కింద తెలియనివాళ్ళెవరు? బస్సులో, పెళ్ళి భోజనాల్లో, పడవలో ఒకళ్ళనొకళ్ళు దాటేటప్పుడు, రోజూ చేసేదే. కానీ ఫుట్‌బాల్ గ్రౌండులో ఎవడైనా చేస్తాడా? అక్కడ కాలు తగలడమే కదా ఆట! అందుకే ఎవరికీ తట్టలేదు.

"ఓరి నీ... ఫుట్‌బాల్‌లో కాలు తగిలితే దండాలేటిరా?" అన్నాడు ముసలాయన.

"ఆడు మాలలో ఉన్నాడు తాతా. అయ్యప్ప మాల. జెర్సీ లోపల ఉంటాది. నల్ల జెర్సీ, నల్ల నిక్కరు, మీకు తెలీదు. నాను దగ్గిరికి ఎల్లేసరికి మెడలో కనపడతాది." దాలయ్య తన కాలి వైపు చూపించాడు. "స్వామికి బూటు కాలు ఎలగ అడ్డం పెడతాను? ఆలు ఉత్త కాల్లతో ఆడతారు. కార్తీకం నుంచి ఏ టీములో సూసినా ఒక స్వామి ఉంటన్నాడు. నా కాలు ఎల్లడం లేదు."

"ఇంతకు ముందేడు స్వాములు లేరేటి?" బాబీ వదల్లేదు. వాడి అనుమానం వాడిది. "పోయినేడు పెట్టేవు కదా కాలు? ముందటేడు పెట్టేవు కదా? ఈయేడే ఎందుకొచ్చింది నీకింత భక్తి?"

బాబీ చుట్టూ చూసి "సూసేరా" అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"సెప్పు బావా," అంది శ్రావణి. "నాక్కూడా సెప్పనిదేటో సెప్పు. రాత్తిర్లు నిద్దట్లో కాలు ఎనక్కి లాక్కుంటన్నావు. నాను సూడ్డం లేదనుకున్నావేటి?"

దాలయ్య గుంజ పట్టుకున్నాడు. నేల మీదికి చూస్తూ చెప్పాడు.

కార్తీకం మొదట్లో నరసన్నపేట వాళ్ళతో ఆటలో బంతి కోసం దూకాడు. బూటు మేకులు అవతలివాడి ఉత్త పాదం మీద పడ్డాయి. రక్తం వచ్చింది. తీరా చూస్తే మెడలో మాల. ఆ స్వామి "ఏటీ పర్లేదు స్వామీ" అని నవ్వుతూ లేచి ఆడేశాడు కూడా. ఎవరికీ గుర్తు లేదు. కానీ దాలయ్య ఇంటికి వెళ్ళేసరికి ఇంటి ముందు ఆటో ఉంది. శ్రావణికి రక్తం పోతోంది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళే దారంతా తన బూటుకి అంటిన రక్తమే కళ్ళ ముందు ఉంది వాడికి. బిడ్డ దక్కింది. డాక్టరమ్మ మంచం మీద ఉండమంది, ఉంది, అంతా సర్దుకుంది. కాలే సర్దుకోలేదు.

"మల్లీ ఒక స్వామికి కాలు తగిలితే..." అని ఆపేశాడు. తర్వాతి మాట అనడం ఇష్టం లేదు. "అందుకే మంగళారం గోపి స్వామి ఇంటికెల్లేను. తగిలినందుకు దండం పెట్టుకున్నాను. కొండకెప్పుడెల్తావు స్వామీ అనడిగేను. శనివారం ఎల్తన్నాం, ఆదివారం మేచ్‌కి ఉండను అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంతే."

అమ్మడు కొంగుతో మొహం తుడుచుకుంది.

శ్రావణి మాత్రం ఏడవలేదు. రెండడుగులు ముందుకొచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"నా కడుపు నీ బూట్లో ఉన్నాదేటి బావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు.

"ఆ రోజు నాను సేపల పెట్టె ఎత్తేను. ఐసుతో నిండా ఉన్న పెట్టె. ఎత్తొద్దని నువ్వు పొద్దున్నే సెప్పి ఎల్లేవు. ఆటో వోడు తొందర పెడతంటే ఎత్తీసేను. డాక్టరమ్మకి సెప్పేను, నీకు సెప్పలేదు, తిడతావని. నాను నోరు మూసుకున్నాను, నువ్వు కాలు మూసుకున్నావు. మద్దిలో ఈలందరూ నిన్ను దొంగని సేసేరు."

దాలయ్య నోరు తెరుచుకుని ఆమె వైపే చూస్తున్నాడు. "పెట్టెత్తేవా?" అన్నాడు చివరికి.

"ఎత్తేను. ఇప్పుడు తిట్టు."

"ఇంటికెల్లేక తిట్టుకోండి నాయినా," అంది అమ్మడు. షెడ్డు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలినట్టు నవ్వింది. "ఒరే బాబీ, ఆ వీడియో గ్రూపులో పెట్టీసేవేటి?"

బాబీ నీళ్ళు నమిలాడు. "పొద్దున్నే పెట్టీసేను పిన్నీ."

"తీసీ."

"అందరూ సూసీసేరు."

"అయితే ఇప్పుడు శ్రావణి అన్నదంతా మల్లీ ఎక్కించు. నీ నోటితోనే సెప్పు. లేపోతే రేపు నీ కొట్టు ముందే గంప దింపుతాను. వాసనకి ఒక్కడు రాడు."

నవ్వుల మధ్య దాలయ్య మెల్లగా అన్న మాట ముందు ఎవరికీ వినపడలేదు. రెండోసారి అన్నాడు.

"నాను మావకి ముందే సెప్పేను."

తలలు నరసింగరావు వైపు తిరిగాయి.

"దిబ్బలపేట మేచ్‌నాడు నీల్లు తాగుతుంటే గోపి మెడలో మాల సూసేను. ఎంటనే మావ కాడికెల్లి అంతా సెప్పేను, నన్ను దింపొద్దన్నాను. ఇందాకణ్నుంచి మావ సెప్తాడేమో అని సూస్తన్నాను."

నిజమే కదా! అంతసేపు ఆ మనిషి నోరు విప్పలేదు. సైగ అన్నారు, అమ్ముడుపోయాడన్నారు, నేల చూస్తూ కూర్చున్నాడు. ఐసు అమ్మేవాడికి అన్ని ఊళ్ళవాళ్ళతోనూ పని ఉంటుంది. దిబ్బలపేట పడవలు కూడా ఐసు ఆయన దగ్గరే కొంటాయి. ఇన్నాళ్ళూ అదొక లెక్కగా ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అందరికీ తోచింది.

నరసింగరావు స్టూలు మీంచి లేచాడు. "సెప్పలేదు. కావాలనే సెప్పలేదు. 'స్వామి ఎదురొస్తే దాలయ్య కాలు లెగదు' అని ఈ షెడ్డులో అంటే రేపటికి జిల్లా అంతా తెలుస్తాది. ఎల్లుండి ఫైనల్‌కి దిబ్బలపేటోలు ఎంతమంది మాలేసుకుని దిగుతారో ఎవులికి తెలుసు? పదినిమిషాలు ఆడు మాటలు పడతాడు, రాత్తిరికి నానే ఇంటికెల్లి సెప్పుకుంటాను అనుకున్నాను. ఇంత దూరం ఎల్తాదనుకోలేదు."

"ఛీ, దేవుడి మాల మీద అలగంటావేటి మావా?" అన్నాడు బాబీ, చెంపలు వేసుకుంటూ.

"నాను అన్లేదురా. అనకూడదనే కదా నోరు మూసుకున్నది."

మాట బాగానే ఉంది. నమ్మొచ్చా లేదా అని జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మడే తేల్చేసింది. "అయిందేదో అయింది. గోపి స్వామి రేపు కొండకెల్లిపోతన్నాడు. ఆదివారం ఎదురుగా స్వామీ ఉండడు, బయ్యమూ ఉండదు. మా లంగరు దిగుతాడు. ఏరా దాలయ్యా?"

దాలయ్య శ్రావణి మొహం చూశాడు. ఆమె తలూపింది. "దిగుతాను," అన్నాడు. కార్తీకం మొదలయ్యాక వాడి గొంతు అంత గట్టిగా వినపడడం అదే.

అదిగో, అప్పుడే ఇసకదారి మీంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నుదుటి మీద గంధం, ఉత్త కాళ్ళు. షెడ్డులోని వాళ్ళకి గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది, ఎందుకంటే ఆ మనిషిని వాళ్ళు ఎప్పుడూ పదకొండో నంబరు జెర్సీలోనే చూశారు.

"స్వామి శరణం," అన్నాడు దిబ్బలపేట గోపి.

కూర్చున్నవాళ్ళు లేచారు. ఎంత ఎదుటి టీమువాడైనా స్వామి స్వామే. అమ్మడు కొంగు సర్దుకుంది. దాలయ్య చేతులు జోడించాడు.

"దాలయ్య స్వామీ, పొద్దున్నే కొండకెల్లిపోతన్నాను. నీకో మాట సెప్పకండా ఎల్తే ఇరుముడి బరువైపోతాది." గోపి అందరి వైపూ చూశాడు. "మా వోలు ఇద్దరు, ఫార్వర్డ్‌లే, ఇయ్యాల పొద్దున్న మాలేసుకున్నారు. ఏసుకోవడం మంచిదే, నాను కాదన్ను. కానీ ఆలు ఎందుకేసుకున్నారో నాకు తెలుసు. నిన్న మా వూరికి ఫోనొచ్చింది. స్వామి అయితే దాలయ్య కాలు అడ్డం పెట్టడని సెప్పేరు. ఆ ఫోను ఈ వూరి నుంచే."

నిన్న. వాళ్ళు ఈ షెడ్డు కింద కూర్చోవడానికి ఒక రోజు ముందు.

"ఎవులు సేసేరు స్వామీ?" అడిగాడు బాబీ.

"మాలలో ఉండి ఒకడి మీద సాడీ సెప్పను. ఇంతమట్టుకు సెప్పడమే ఎక్కువ." గోపి దాలయ్యకి దండం పెట్టి వెనక్కి తిరిగాడు. ఇసకలో అడుగుల చప్పుడు కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

శ్రావణి ఒక చేత్తో కడుపు పట్టుకుని ఇంకో చేత్తో మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఎదురుగా ఒక్క స్వామి కాదు, ఇద్దరు. దిగుతానన్న మాట నోట్లోంచి వచ్చి ఇంకా ఆరలేదు.

"నిన్నటికి ఈ సంగతి ఎవులికి తెలుసు?" అంది అమ్మడు, ఒక్కో మాటా విడగొట్టి. "దాలయ్యకి తెలుసు. ఇంకెవులికి?"

"నాను మావకే సెప్పేను," అన్నాడు దాలయ్య. "మావకి తప్ప ఇంకెవులికీ సెప్పలేదు. శ్రావణికి కూడా."

ఈసారి జనం నరసింగరావు వైపు చూడడమే కాదు, జరిగారు. ఆయన చుట్టూ చోటు ఖాళీ అయింది. బాబీ ఫోను పైకెత్తి రికార్డు నొక్కాడు. నరసింగరావు మొహం మీద చెమట పట్టింది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

"నాను ఫోన్ సెయ్యలేదు," అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు. కానీ ఒక్కడికి సెప్పేను. దిబ్బలపేట మేచ్‌లో దాలయ్య పక్కన ఇంకోడిని కాపలా పెట్టమని ఒక్కడికే సెప్పేను. సెప్పకండా ఎలగ? ఆడు..."

మాట పూర్తి చేయకుండా ఒడ్డున ఉన్న పడవ వైపు తిరిగాడు.

పడవకి ఆనుకుని ఎవరూ లేరు. నీళ్ళ సీసా ఒకటి ఇసకలో పడి ఉంది, మూత తీసి ఉంది, నీళ్ళు ఇంకా కారుతున్నాయి. రోడ్డు మీద బుల్లెట్ బండి స్టార్టయిన చప్పుడు వినపడింది. ఊళ్ళో బుల్లెట్ ఉన్నది ఒక్కడికే.